గుడ్డు పడని పిల్లకి టీకా కూడా పడదా?

మన హేతువాదులకి ఒక దురలవాటుంది. ఎదుటివాడి భయం ఏదైనా సరే మూఢనమ్మకమే అని తేల్చేస్తాం. "మా పిల్లకి గుడ్డు పడదు, టీకా వేయించొచ్చా?" అన్న ప్రశ్న అలాంటిది కాదు. ఆ భయం అమ్మలక్కల కబుర్లలో పుట్టలేదు, వైద్య పుస్తకాల్లోనే పుట్టింది.

వైరస్ బతికున్న కణంలో తప్ప పెరగదు. 1931లో అమెరికాలో ఎలిస్ వుడ్రఫ్, ఎర్నెస్ట్ గుడ్‌పాశ్చర్ కోళ్ళకొచ్చే మశూచి వైరస్‌ని పొదిగిన గుడ్డులో పెంచి చూపించారు. గుడ్డు చవక, ఎక్కడైనా దొరుకుతుంది, పైగా పెంకు రక్షణ. 1937లో మాక్స్ థైలర్ ఎల్లో ఫీవర్ టీకా, 1940ల్లో ఫ్లూ టీకా ఆ దారినే వచ్చాయి. ఫ్లూ టీకా యథాప్రకారం ముందు సైన్యానికే!

గుడ్డులో తయారైంది కాబట్టి గుడ్డు పడనివాళ్ళకి ప్రమాదం అనుకోవడం సబబైన అనుమానమే. తప్పెక్కడంటే, దాన్ని ఎవరూ సరిచూడకుండా ఏళ్ళ తరబడి నియమంగా సాగనిచ్చారు. డిఫెన్సు లెక్కల్లో ఉద్యోగం చేసినవాణ్ణి, ఇలాంటి పద్దులు చాలా చూశాను. ఏటా కొత్త పుస్తకంలోకి ఎక్కుతూనే ఉంటాయి, ఓచరు మాత్రం ఎవరూ అడగరు.

ఓచరు అడిగినప్పుడు ఏం తేలింది? తట్టు, గవదల టీకాల్లోని వైరస్‌ని పెంచేది గుడ్డులో కాదు, కోడిపిల్ల పిండం నుంచి తీసిన కణాల్లో. 1993లో ఎమ్మెమ్మార్ టీకా తర్వాత ప్రాణం మీదికొచ్చిన ఒక అమ్మాయి కేసు ప్రచురించారు. జెల్లీ తిన్నప్పుడూ తనకి ఇలాగే అవుతుందని ఆ అమ్మాయే చెప్పింది. పరీక్షిస్తే దోషి గుడ్డు కాదు, టీకాలో కలిపే జెలటిన్! 1995లో గుడ్డు పడని 54 మంది పిల్లలకి అదే టీకా వేస్తే ఒక్కరికీ ఏమీ కాలేదు.

2018లో మా జార్ఖండ్‌లో 9 నెలల నుంచి 15 ఏళ్ళలోపు పిల్లలకి మీజిల్స్-రుబెల్లా టీకాలు వేశారు. జంషెడ్‌పూర్ తల్లిదండ్రులకి కూడా తెలియాల్సిన సంగతొకటుంది. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ వారి ఎమ్మార్ టీకాలో వైరస్‌ని పెంచేది మనిషి కణాల్లో. అందులో కోడి ఊసే లేదు. లేని గుడ్డుకి భయపడి పిల్లని తట్టుకి వదిలేయడం ఎంత అన్యాయం!

ఫ్లూ టీకా మాత్రం ఎక్కువగా ఇప్పటికీ గుడ్డులోదే. చిన్న లెక్క వేద్దాం. ఒక గుడ్డు తెల్లసొనలో ఓవాల్‌బుమిన్ అనే ప్రోటీను సుమారు 2 గ్రాములు. టీకా డోసులో సాధారణంగా ఒక మైక్రోగ్రాము లోపే. ఒక్క గుడ్డుకి సరితూగాలంటే 20 లక్షల సూదులు పొడిపించుకోవాలి. అమెరికా టీకాల సలహా సంఘం 2011లో ఆంక్షలు సడలించడం మొదలుపెట్టి, 2023లో గుడ్డు ఎలర్జీకి ప్రత్యేక జాగ్రత్తలేవీ అక్కర్లేదంది. గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి ఉబ్బసమూ ఉంటుంది. ఫ్లూ వస్తే ఎక్కువ అవస్థ పడేది వాళ్ళే.

ఏ టీకాకైనా ఎలర్జీ రావచ్చు, బహు అరుదుగా. అందుకే సూది తర్వాత అరగంట కూర్చోబెడతారు, అడ్రినలిన్ దగ్గరుంచుకుంటారు. అది అందరికీ వర్తించే జాగ్రత్త.

ఇక పిచ్చికుక్క కరిస్తే గుడ్డు ప్రశ్నే వద్దు. కోడి కణాల టీకా అయినా సరే వెంటనే వేయించాల్సిందే, ఎందుకంటే ఆ జబ్బు వస్తే మనిషి దక్కడం దాదాపు అసాధ్యం.

పాత నియమానికి ఇంకా బలమున్నది ఎల్లో ఫీవర్ టీకా దగ్గర. ఆఫ్రికా వెళ్ళేవాళ్ళకి గుడ్డు తింటే ఊపిరాడనంత ఎలర్జీ ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. నిపుణులు చర్మ పరీక్ష చేసి కొంచెం కొంచెంగా డోసు ఇస్తారు, లేదా మినహాయింపు పత్రం రాసిస్తారు.