రాగిరేకు మీద రాగం, రికార్డులో బాణీ

తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) కడప సీమవారు. రాజంపేట దగ్గరి తాళ్ళపాక ఆయన స్వగ్రామం. దేవుని కడప వేంకటేశ్వరునిపైనా, అహోబిల నరసింహునిపైనా ఆయన పాటలున్నాయి. ఈనాడు గుడి మైకులో వినిపించేది ఆయన కట్టిన బాణీయేనని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. అది సరికాదు.

తిరుమల ఆలయంలో అరలో పడి ఉన్న రాగిరేకులు 1922లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి కృషితో వెలుగు చూశాయి. వాటిపై సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. పాడే పరంపర అప్పటికే తెగిపోయింది.

రాగం పేరుంటే చాలదా? చాలదు. 1550లో రామామాత్యుడు రాసిన 'స్వరమేళకళానిధి'లో ముఖారి అన్నీ శుద్ధస్వరాలతో కూడిన మేళం. ఇప్పటి ముఖారి ఖరహరప్రియ జన్యం. పేరు అదే, రాగం వేరు. ఇక ఆబాలి, కొండమలహరి వంటివి వాడుకలోనే లేవు.

ఇంగ్లండులో ఇందుకు భిన్నమైన చిక్కు వచ్చింది. వయోల్ అనేది కాళ్ళ మధ్య నిలిపి కమానుతో వాయించే, మెట్లున్న తంత్రీవాద్యం. నలుగురైదుగురు కలిసి వాయించే ఆ మేళానికి పర్సెల్ 1680లో రాసిన రచనలు స్వరాలతో సహా నిలిచాయి. వయొలిన్ రాకతో వాయించేవారే కరవయ్యారు. 19వ శతాబ్ది చివర ఆర్నాల్డ్ డాల్మెచ్ పాత వాద్యాలను బాగుచేసి, కొత్తవి తయారుచేసి, వాయించి చూపాడు. అక్కడ స్వరముంది, చెయ్యి లేదు. మనకు గొంతు ఉంది, స్వరం లేదు.

కాబట్టి మనవాళ్ళు కొత్తగా కట్టవలసి వచ్చింది. అనంతపురం జిల్లాకు చెందిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) ఎన్నో పాటలకు బాణీలు కట్టి స్వరపరిచారు. తరువాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ ఆ పని కొనసాగించారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన 'బాలాజీ పంచరత్నమాల' రికార్డులు ఆ పాటలను ఇంటింటికీ చేర్చాయి.

చిక్కు ఇక్కడే మొదలైంది. రికార్డు ఒక బాణీని స్థిరపరుస్తుంది. పదిమంది దాన్నే విని నేర్చుకుంటే, నిన్న కట్టినది అయిదు వందల ఏళ్ళ నాటిదిగా చెలామణి అవుతుంది. రాళ్ళపల్లివారి ప్రతిభకు కూడా ఇది అన్యాయమే అని నా అభిప్రాయం. ఒకే పాటను ఇద్దరు గాయకులు రెండు రాగాల్లో పాడిన రికార్డులు దొరుకుతాయి. అలాంటివి వింటున్నప్పుడు, 'స్వరకల్పన' అన్నచోట ఎవరి పేరుందో, రాగిరేకు మీది రాగం ఏదో పక్కపక్కన రాసుకొని చూడండి.