కుక్క మోకాలి లిగమెంట్ తెగితే: చికిత్స, ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కుక్క వెనక కాలు ఎత్తి కుంటుతుంటే ముందుగా అందరూ చూసేది పాదమే. ముల్లు ఏమైనా గుచ్చుకుందా అని వెతుకుతారు. ఏమీ కనబడదు. రెండు రోజుల్లో కుంటు కాస్త తగ్గుతుంది, ఆ సంగతి మరిచిపోతారు. వారం పది రోజులకు మళ్లీ మొదలు. ఇలా తగ్గుతూ, తిరగబెడుతూ ఉండే వెనక కాలి కుంటును తేలిగ్గా తీసుకోకూడదు. లాబ్రడార్, రాట్‌వీలర్ లాంటి పెద్ద జాతి కుక్కల్లో దీని వెనక చాలాసార్లు మోకాలి లిగమెంట్ దెబ్బే ఉంటుంది.

మన కుటుంబాల్లో కుక్కను ఇంటి లోపల పెంచేవాళ్లు తక్కువే. మామిడి తోటలోనో, కోళ్ల ఫారం దగ్గరో, గోడౌన్ గేటు దగ్గరో కాపలాకి ఉంటుంది. దాని నడకను రోజూ గమనించే మనిషి ఉండడు. పైగా ఈ నొప్పికి కుక్కలు పెద్దగా అరవవు. కుంటుతూనే తిరుగుతాయి, కుంటుతూనే మొరుగుతాయి. అందుకే డాక్టర్ దగ్గరికి చేరేసరికి ఆలస్యమైపోతుంది.

అసలు తెగేది ఏమిటి?

తొడ ఎముక, దాని కింది ఎముక కలిసేచోట మోకాలి లోపల రెండు లిగమెంట్లు కత్తెర ఆకారంలో అడ్డంగా ఉంటాయి. వాటిలో ముందున్నదే సాధారణంగా తెగుతుంది. ఫుట్‌బాల్ ఆటగాళ్లకు ఏసీఎల్ తెగింది అని వింటుంటాం కదా, అదే ఇది. కుక్కల్లో దీన్ని సీసీఎల్ అంటారు.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. మనిషికి చాలాసార్లు ఒక్క దెబ్బకు తెగుతుంది. కుక్కలో ఎక్కువగా పాత తాడు అరిగినట్టు నెలల తరబడి పోగు పోగుగా అరిగి, చివరికి ఏదో ఒక చిన్న గెంతుతో పుటుక్కుమంటుంది. గోడ దూకడం వల్లే తెగింది అనుకుంటాం గానీ, అప్పటికే అది సగం పోయి ఉంటుంది. కుక్క మోకాలు నిలబడినప్పుడు కూడా కొంచెం వంగే ఉంటుంది. కింది ఎముక పైభాగం సుమారు 25 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ తొడ ఎముక ఆ వాలు మీద జారబోతుంది, దాన్ని ఆపే పని ఈ లిగమెంట్‌దే. బరువు పెరిగిన కొద్దీ ఆ భారం పెరుగుతుంది. అరుగుడు జబ్బు కాబట్టే, ఒక మోకాలు పోయిన కుక్కల్లో దాదాపు సగానికి తర్వాత రెండోదీ పోతుంది.

ఎలా గుర్తుపట్టాలి?

కూర్చునే తీరు చూడండి. బాగున్న కుక్క రెండు వెనక కాళ్లూ ఒంటి కిందికి మడిచి కూర్చుంటుంది. మోకాలి నొప్పి ఉన్నది ఆ కాలిని పక్కకు చాపేస్తుంది. నిలబడినప్పుడు వేళ్ల కొసలు మాత్రమే నేలకు ఆనిస్తుంది. పడుకుని లేచాక మొదటి నాలుగు అడుగులు బిగుసుకుపోయినట్టు ఉంటాయి. కొన్ని వారాలు గడిస్తే ఆ వైపు తొడ కండ సన్నబడుతుంది.

డాక్టర్ మోకాలిని చేత్తో పట్టుకుని, కింది ఎముక ముందుకు జారుతోందా అని పరీక్షిస్తారు. కుక్క బిగబట్టుకుంటే మత్తు ఇచ్చి చూడాల్సి వస్తుంది. ఎక్స్‌రేలో లిగమెంట్ కనబడదు, కీలులో నీరు, అరుగుదల మాత్రం తెలుస్తాయి. మన దగ్గర పిడుదుల జ్వరంతో కూడా కుక్కలు కుంటుతాయి, అందుకని రక్త పరీక్ష రాస్తే అనవసర ఖర్చు అనుకోవద్దు. పామెరేనియన్ లాంటి చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకు జరగడం వల్ల కూడా కుంటు వస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. కుక్కలకు పనికొచ్చే నొప్పి మందులు వేరే ఉన్నాయి, వాటి మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. ఇంతకుముందు స్టెరాయిడ్ సూది వేయించి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి. ఈ రెండు రకాల మందులు కలిస్తే ప్రమాదం. ఇక పుత్తూరు కట్టు లాంటి కట్లంటారా, అవి విరిగిన ఎముకకు. పైన కట్టు కట్టినంత మాత్రాన మోకాలి లోపల తెగిన లిగమెంట్ అతుక్కోదు.

ఆపరేషన్ తప్పదా?

బరువును బట్టి ఉంటుంది. 1984లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆపరేషన్ లేకుండా విశ్రాంతితోనే 15 కిలోల లోపు కుక్కల్లో సుమారు 85 శాతం బాగుపడ్డాయి లేదా మెరుగయ్యాయి. అంతకంటే బరువైన వాటిలో అలా జరిగింది 19 శాతమే. కాబట్టి చిన్న కుక్కకు కొన్ని వారాలు కట్టడి చేసి, బరువు తగ్గించి చూడొచ్చు. 30 కిలోల లాబ్రడార్‌కు అలా ఎదురుచూస్తూ కూర్చుంటే కీలు ఇంకా అరుగుతుంది. లోపల గద్దెలా ఉండే మెనిస్కస్ కూడా చిరగొచ్చు.

ఆపరేషన్లలో పాతది, ఖర్చు తక్కువైనది కీలు బయట గట్టి నైలాన్ దారంతో బిగించడం. చిన్న కుక్కలకు బాగానే పనిచేస్తుంది. పెద్ద వాటికి ఎక్కువగా చేసేది టీపీఎల్ఓ. అమెరికా సర్జన్ బార్క్‌లే స్లోకమ్ దీన్ని రూపొందించి 1993లో ప్రచురించారు. ఇందులో లిగమెంట్‌ను అతికించరు. కింది ఎముక పైభాగాన్ని గుండ్రంగా కోసి, తిప్పి, వాలును 5 డిగ్రీల దగ్గరికి తెచ్చి ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. వాలే లేకపోతే జారడమూ ఉండదు.

దీనికి ప్రత్యేకమైన రంపం, అనుభవం ఉన్న చెయ్యి కావాలి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీలలో సర్జరీ విభాగాలున్నాయి. అక్కడ ఈ ఆపరేషన్ చేస్తున్నారో లేదో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. ప్రైవేటులో అయితే చెప్పిన రేటులో మత్తు, ఎక్స్‌రేలు, ప్లేటు, మందులు, తర్వాతి చెకప్‌లు కలిశాయా లేదా అని కాగితం మీద రాయించుకోండి. రెండో మోకాలి ఖర్చు కూడా రావచ్చని లెక్కలో పెట్టుకోవడం మంచిది.

అసలు కష్టం ఇంటికొచ్చాకే

టీపీఎల్ఓ అయిన కుక్క కొద్ది రోజుల్లోనే కాలు నేల మీద పెడుతుంది. యజమాని సంతోషపడి వదిలేస్తాడు. నా లెక్కలో అన్నింటికంటే ప్రమాదం అదే. నొప్పి తగ్గింది గానీ ఎముక అతుక్కోలేదు. దానికి కనీసం ఎనిమిది వారాలు పడుతుంది. అప్పటిదాకా పరుగు, మెట్లు, గెంతులు, వేరే కుక్కలతో ఆట ఏవీ వద్దు. చిన్న గదిలోనో, పందిరి కింద కంచె కట్టిన జాగాలోనో ఉంచాలి. పొడవాటి గొలుసుతో గేటుకు కట్టేస్తే కట్టడి చేసినట్టు కాదు. ఎవరైనా రాగానే అది ఎగిరి దూకుతుంది. తోటలో అలా కుదరకపోతే ఆ రెండు నెలలూ ఇంటి వసారాలోకి తెచ్చుకోవడమే మేలు.

నున్నటి టైల్స్ మీద కాలు జారుతుంది, గోనె సంచులో రబ్బరు మ్యాటో పరవండి. మొదటి రెండు వారాలు పట్టీ పట్టుకుని అయిదు నిమిషాలు, కాలకృత్యాలకు మాత్రమే తిప్పాలి. మొదటి మూడు రోజులు ఐస్‌ను బట్టలో చుట్టి పది నిమిషాలు కాపడం పెడితే వాపు తగ్గుతుంది. కుట్లు 10 నుంచి 14 రోజులకు తీస్తారు, అప్పటిదాకా నాకకుండా మెడకు కాలర్ ఉండాల్సిందే. తర్వాత డాక్టర్ చెప్పిన మేరకు నడక వారానికి కొన్ని నిమిషాలు పెంచాలి. ఎనిమిదో వారం ఎక్స్‌రే చూశాకే ముందుకు. స్వేచ్ఛగా పరిగెత్తనివ్వడం నాలుగు నెలల తర్వాతి మాట.

లాలాజలం అంటితే మళ్లీ కడుక్కోవాలి, నమాజు బట్టలు మార్చుకోవాలి అని మందు వేయడానికి వెనకాడేవాళ్లు ఉన్నారు. గ్లౌజు వేసుకుని, మాత్రను చిన్న మాంసం ముక్కలో పెట్టి గిన్నెలో వేస్తే సరిపోతుంది. మాంసం అన్నాను గానీ, దావత్‌లో మిగిలిన బిర్యానీ, ఉడికిన ఎముకలు వద్దు. కదలిక లేని కుక్క ఇట్టే లావవుతుంది, కాబట్టి తిండి డాక్టర్ చెప్పినంతే పెట్టండి. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి.

బాగా నడుస్తున్న కుక్క ఉన్నట్టుండి మళ్లీ కాలు ఎత్తేసినా, కుట్ల దగ్గర చీము, వేడి కనిపించినా, మోకాలు టక్కుమని శబ్దం చేస్తున్నా చెకప్ తేదీ కోసం ఆగకండి. నొప్పి మందు వాడుతుండగా వాంతులు, నల్లటి విరేచనం అయితే మందు ఆపి ఆ రోజే చూపించండి.