హ్యారియట్ నడిచిన కట్ట

అక్టోబర్ చివరి వారం. షికాగోలో సౌత్ షోర్ రైలెక్కి, ఇండియానా రాష్ట్రంలోని మిషిగన్ సిటీలో దిగారు మీరు. వాషింగ్టన్ పార్కులో మేపుల్ ఆకులు కాళ్ళకింద గలగలమంటున్నాయి. వేసవిలో జనంతో నిండిపోయే ఇసుక తిన్నె ఇప్పుడు ఖాళీ. ఎదురుగా మిషిగన్ సరస్సు. సరస్సంటే మనకు అవతలి గట్టు కనపడాలి. దీనికి గట్టు లేదు. నురగ, హోరు, ఆపైన ఆకాశం. విశాఖ బీచిలో తిరిగినవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం తికమక పడతారు: కెరటాలున్నాయి, ఉప్పు వాసన లేదు. పెదవి మీద పడ్డ తుంపరను నాలుకతో తాకి చూడండి. మంచినీళ్ళే.

సరస్సులోకి సాగిన కాంక్రీటు కట్ట మీదికి ఎక్కండి. ఎడమ చెవిలో గాలి దూరి కుడి చెవిలోంచి పోతున్నట్టుంటుంది. టోపీ గట్టిగా లాక్కోవాలి. ఇద్దరు ముగ్గురు గాలాలు వేసుకుని కూర్చున్నారు. ఈ కాలంలో సాల్మన్ చేపలు సరస్సు వదిలి, కట్ట పక్కనే వచ్చి కలిసే వాగులోకి ఎదురెక్కుతాయి. వెనక్కి తిరిగితే బొగ్గు విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్, దాని మీద తెల్లటి ఆవిరి. తల పైన ఇనుప స్తంభాల మీద సన్నటి నడకదారి ఒకటి మీతోపాటే కట్ట చివరి లైట్‌హౌస్ దాకా వస్తోంది. కట్ట మీదుగా కెరటాలు పొర్లేటప్పుడు, దీపం చూసే మనిషి కొట్టుకుపోకుండా నడిచే దారి అది.

ఆ ఇనుప దారి లేని రోజుల్లో ఇక్కడ నడిచిన ఒక మనిషి గురించి చెప్పాలి. ఈ నడకంతా నాకు ఆమె కోసమే.

హ్యారియట్ కోల్‌ఫాక్స్. 1861లో దీపం చూసే ఉద్యోగానికి వచ్చింది. అంతకుముందు సంగీతం నేర్పేది. స్కైలర్ కోల్‌ఫాక్స్ అనే రాజకీయ నాయకుడు ఆమెకు బంధువు. తర్వాత అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు. ఉద్యోగం ఆయన చలవే అనేవారు. కావచ్చు. 43 ఏళ్ళు దాన్ని నిలబెట్టుకున్నది మాత్రం ఆమె. జీతం ఏడాదికి 350 డాలర్లు.

మొదట్లో దీపం ఒడ్డునే, ఆమె ఉండే ఇంటి మీదే ఉండేది. 1871లో కట్ట చివర ఇంకొకటి పెట్టారు. అప్పటినుంచీ రోజూ ఈ నడక. దీపానికి పందికొవ్వు నూనె. చలికాలంలో దాన్ని ఇంట్లో పొయ్యి మీద కాచి, వేడి చల్లారకముందే చివరి దాకా మొయ్యాలి. దారిలోనే పేరుకుందా, వెనక్కి పోయి మళ్ళీ కాచుకోవాలి. అప్పటి కట్ట కాంక్రీటుది కాదు, చెక్కది. మంచు తుంపర పడితే అద్దంలా జారేది. తర్వాత ఆ దీపాన్ని వాగు అవతలి కట్ట మీదికి మార్చారు, నడక ఇంకా కష్టమైంది. 1886లో ఒక తుపాను ఆ దీపాన్ని బురుజుతో సహా సరస్సులో కలిపేసింది.

ఇంత ఉధృతి ఎందుకంటారా? సరస్సు పొడవు దాదాపు 500 కిలోమీటర్లు. మీరు నిలబడ్డది దక్షిణపు కొస. ఉత్తరం గాలికి దారిలో అడ్డే లేదు, కెరటం వస్తూ వస్తూ పెరుగుతుంది. పైగా శరత్తులో నీళ్ళింకా వెచ్చగా ఉంటాయి, పైనున్న గాలి చల్లబడుతుంది. తుపాన్లకు ఆ తేడాయే బలం. 1913 నవంబర్‌లో ఈ మహా సరస్సుల మీద వచ్చిన ఒక్క తుపానుకు 250 మందికి పైగా పోయారు.

ఇదిగో, చేరాం. తెల్ల గోడలు, ఎర్ర కప్పు, మధ్యలో ఎనిమిది పలకల బురుజు. తలుపు మూసి ఉంది. గోడకు అరచెయ్యి ఆనించండి, చల్లగా, చెమ్మగా తగులుతుంది. ఇది 1904లో కట్టింది. అదే ఏడు అక్టోబర్‌లో, 80 ఏళ్ళ వయసులో హ్యారియట్ ఉద్యోగం వదిలింది. ఒడ్డున ఇంటి మీది దీపంలో ఆమె ఇన్నేళ్ళూ తుడిచిన గాజు కటకాన్ని ఇక్కడికి తెచ్చి బిగించారు. ఇప్పుడది ఒడ్డునున్న పాత లైట్‌హౌస్ మ్యూజియంలో ఉంది, చూసి వెళ్ళండి. ఆమె ఆ మరుసటి ఏప్రిల్‌లో చనిపోయింది.

పొద్దు వాలుతోంది. పడమట నీళ్ళ అంచున షికాగో భవనాలు పుల్లలు గుచ్చినట్టు కనిపిస్తున్నాయి. గాలి మారింది. ఒక కెరటం కట్ట ఎక్కి మీ బూట్లు తడిపి దిగిపోయింది. చాలు, వెనక్కి నడవండి.

మీరెప్పుడైనా ఇక్కడికి వస్తే, కట్ట మీద నీళ్ళు పొర్లుతున్న రోజున ఒడ్డునే ఆగిపోండి. ఆమెకు వెళ్ళక తప్పలేదు, దీపం వెలిగించాలి. మీకా పని లేదు.