చంచల బాలలు – దేహభారం

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్టు నగర వైద్యుడు హైన్రిష్ హాఫ్‌మన్ తన కుమారుని కోసం 1844లో ఒక బొమ్మల కథల పుస్తకం తయారు చేసినాడు. దాని కూర్పులలో ఇద్దరు బాలురున్నారు. ఫిలిప్పు భోజనాల బల్ల వద్ద కుదురుగా కూర్చోలేక, బల్లగుడ్డతో సహా గిన్నెలన్నీ క్రిందికి లాగివేస్తాడు. కాస్పరు సూపు త్రాగనని మొరాయించి, చిక్కి శల్యమై, ఐదవనాడు మరణిస్తాడు. చాంచల్యమూ, దేహభారమూ ఒకే పుస్తకంలో చోటు చేసుకున్నవి గాని, రెండింటినీ కలిపే మాట అందులో లేదు.

1902లో జార్జి స్టిల్ అనే వైద్యుడు తెలివికి లోటు లేకున్నా తమను తాము అదుపులో ఉంచుకోలేని బాలలను గురించి లండనులో ఉపన్యసించినాడు. అవధానలోపంతో కూడిన ఈ అతిచాంచల్యాన్నే నేడు ఏ.డి.హెచ్.డి. అంటున్నారు.

బరువు సంగతి మందు వెంట వచ్చినది. అమెరికాలో రోడ్ ఐలండు రాష్ట్రాన ఒక బాలల చికిత్సాలయంలో ఛార్లెస్ బ్రాడ్లీ పనిచేస్తుండేవాడు. మెదడు ఎక్స్‌రే తీయడానికి వెన్నునీరు తోడినప్పుడు పిల్లలకు భరించరాని తలనొప్పి వచ్చేది. ఆ నీరు త్వరగా ఊరుతుందేమోనని అతడు బెంజిడ్రిన్ అనే ఆంఫిటమిను మందు ఇచ్చి చూచినాడు. తలనొప్పి అంతగా తగ్గలేదు. కాని పిల్లలు నిలకడగా పాఠాలు చదవసాగినారు! 1937లో అతడు ప్రకటించిన వ్యాసం ప్రకారం, వారం రోజులు మందు తిన్న 30 మందిలో 14 మందికి చదువులో విశేషమైన మార్పు కనిపించినది. పిల్లలు దానికి ‘లెక్కల మాత్ర’ అని పేరు పెట్టుకున్నారు. మరుసటి ఏడే మరికొందరు వైద్యులు అదే మందును స్థూలకాయుల ఆకలి తగ్గించడానికి వాడవచ్చునని వ్రాసినారు. ఈ రెండు వార్తలనూ కలిపి చదివి ఉంటే, ఎదిగే పిల్లల తిండి మాటేమిటన్న ప్రశ్న అప్పుడే పుట్టవలసినది.

అది గట్టిగా వినిపించినది 1972లో. డేనియల్ సేఫర్, అతని సహచరులు ఆంఫిటమిను జాతి మందులు, మిథైల్‌ఫెనిడేట్ దీర్ఘకాలం వాడిన పిల్లల బరువు పెరుగుదల మందగించినదని చూపినారు. వేసవి సెలవులలో మందు ఆపితే బరువు మళ్ళీ పుంజుకుంటుందని 1975లో తెలిపినారు. ఏ.డి.హెచ్.డి. పిల్లలు సన్నగా ఉంటారన్న అభిప్రాయం దీనివల్ల బలపడి ఉండవచ్చు. అది మందు గుణమే గాని స్థితి గుణం కాదు.

ఎందుకనగా, 2005లో ఇజ్రాయెలులో ఊబకాయంతో ఆసుపత్రిలో చేరిన 26 మంది బాలలను పరీక్షించగా, సగానికి మించి ఏ.డి.హెచ్.డి. కలవారే! అంత చిన్న లెక్కతో నిర్ణయానికి రాలేము. 2016లో శామ్యూల్ కోర్టీస్ బృందం 42 పరిశోధనలను జోడించి చూడగా తేడా తగ్గినది గాని పోలేదు: ఏ.డి.హెచ్.డి. పిల్లలలో ఊబకాయులు నూటికి 10.3, తక్కినవారిలో 7.4. మందు వాడుతున్నవారిలో ఆ సంబంధం కనిపించలేదు.

ఆశ అణచుకోలేక తినడం, నిద్ర చాలకపోవడం కారణాలు కావచ్చునంటారు. 2019లో వెలువడిన జన్యు పరిశోధనలో, ఏ.డి.హెచ్.డి.కి దోహదం చేసే జన్యుభేదాలు కొన్ని అధిక దేహభారానికీ దోహదం చేస్తున్నట్లు తేలినది. కనుక ఒకటి రెండవదానికి కారణమా, లేక రెండింటికీ మూలం ఒకటేనా అన్నది ఇంకా తేలవలసి ఉన్నది. ఈలోగా, ఈ మందులు వాడే పదేండ్ల లోపు పిల్లలను మూడు నెలలకొకసారి తూచాలని బ్రిటను 2018లో వైద్యులకు సూచించినది.