మల్లి చిత్తరువు - ఆతకూరు రాయి



గడచిన మాసం మా ముందుగది గోడకు ఒక పటం తగిలించాను. అది దేవుని పటం కాదు, పితరుల పటమూ కాదు. రెండేళ్ళ క్రితం వైశాఖంలో కన్నుమూసిన మా కుక్క మల్లి చిత్తరువు. మా వీధిలో ఉండే పెద్దాయన ఒకరు, నాకు వరుసకు బావగారు, వచ్చి కుర్చీలో కూర్చుంటూనే దాన్ని చూసి, “ఏమోయ్ పంతులూ, మీ నాయనగారి పటం ఒక్కటీ లేని ఇంట్లో కుక్కకు పటమా?” అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉన్నా అసత్యం లేదు. మా తండ్రిగారు ఫోటో దిగకుండానే వెళ్ళిపోయారు. నేను లేచి కాఫీ కలిపి తెచ్చి మాట మార్చాను గాని, ఆయన వెళ్ళిన తరువాత ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

ముప్పై ఏళ్ళు పిల్లలకు పద్యాలు చెప్పినవాణ్ణి. సమాధానం కోసం మొదట తడుముకున్నది భారతాన్నే. భారతకథ మొదట్లోనే జనమేజయుని యాగశాలలో అకారణంగా దెబ్బలు తిన్న కుక్కపిల్ల, దాని పక్షాన రాజును నిలదీసిన తల్లి సరమ కనిపిస్తారు. చివరికి వస్తే, మహాప్రస్థానంలో తమ్ములూ ద్రౌపదీ ఒక్కొక్కరే పడిపోగా ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్కే. దానిని విడిచి స్వర్గానికి రానని ఆయన పట్టుబట్టాడు. కుక్క కోసం ఇంతకంటె గొప్ప వకాల్తా ఏముంటుంది అనుకున్నాను. కాని ఆలోచించగా ఒక చిక్కు కనబడింది. సరమ దేవతల కుక్క. ధర్మరాజు వెంట నడిచినది చివరకు యమధర్మరాజుగా తేలింది. అంటే కుక్కగా ఉన్నంతసేపూ దానికి పేరు లేదు, పేరు తెలిసేసరికి అది కుక్క కాదు. మా మల్లి ఏ దేవతా కాదు. పాలగిన్నె మూత తీయడం నేర్చిన మామూలు వీధికుక్క. దాని వంటి ప్రాణికి కావ్యంలో చోటు దొరకలేదు గాని, రాతి మీద దొరికింది.

ఆ రాయి కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరు గ్రామానిది. ఇప్పుడు బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. శక సంవత్సరం 872, అనగా క్రీ.శ. 949-50 నాటిది. భాష హళగన్నడం. ఆ కాలంలో కన్నడ లిపికీ మన లిపికీ భేదం బహు స్వల్పం కనుక, ఆ అక్షరాలను చూస్తే మనవాళ్ళకు పరాయితనం తోచదు. రాతి మీద ఒక వేటకుక్క, ఒక అడవిపంది ఒకదానితో ఒకటి తలపడుతున్నట్లు చెక్కి ఉన్నది. ఆ కుక్క పేరు కాళి.

కథ ఇది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణునికీ చోళ యువరాజు రాజాదిత్యునికీ తక్కోలం వద్ద ఘోరయుద్ధం జరిగింది. కృష్ణుని పక్షాన పోరాడిన గంగరాజు బూతుగుడు రాజాదిత్యుణ్ణి చంపాడు. కృష్ణుడు సంతోషించి బనవాసి పన్నిరుచ్ఛాసిరం మొదలైన నాడులను అతనికి ఇచ్చాడు. బూతుగుని కొలువులో మణలేరుడనే వీరుడు ఉన్నాడు. యుద్ధంలో అతని పరాక్రమం చూసిన బూతుగుడు, మెచ్చాను, కావలసినది అడగమన్నాడు. మణలేరుడు అడిగినది కాళి అనే కుక్కను.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. నాడులకు నాడులే చేతులు మారుతున్న సమయమది. కోరుకొమ్మన్న నోట కుక్క పేరు వచ్చింది. అతడు దానిని అంతకుముందే ఎన్నిసార్లు చూసి ఉంటాడో, ఎన్నాళ్ళు మనసులో పెట్టుకొని ఉంటాడో శాసనం చెప్పదు. చెప్పనక్కరలేదు కూడా.

తరువాత కెళలెనాడులో బెళతూరుకు పడమటనున్న కొండ దగ్గర కాళిని ఒక పెద్ద పంది మీదికి వదిలారు. రెండూ పోరాడి రెండూ చచ్చిపోయాయి. మణలేరుడు ఆతకూరులో చల్లేశ్వరాలయం ముందు దాని పేర రాయి నిలిపించి, పెద్ద చెరువు క్రింద రెండు కండుగల మడిని మాన్యంగా ఇచ్చాడు. ఆ స్థానాన్ని ఏలే గొరవడు, అంటే శైవ పూజారి, ఆ రాతికి పూజ చేయకుండా అన్నం తిన్నాడా, కుక్క చేసిన పాపం అతనికి చుట్టుకుంటుందని శాపం కూడా చెక్కించాడు. సాధారణంగా శాసనాల చివర గోహత్య, బ్రహ్మహత్య వంటి పాతకాలు వస్తాయి. ఇక్కడ వచ్చినది కుక్క పాపం! పంది వెంట పరుగెత్తిన కుక్కకు ఏం పాపముంటుందో నాకు బోధపడలేదు. మా మల్లి లెక్కలోనైతే పాలగిన్నె వ్యవహారం ఒకటుంది.

ఇంకొక విశేషం. తక్కోలం యుద్ధంలో రాజాదిత్యుని మరణం గురించి చరిత్రకారులు ఆధారపడే ముఖ్యసాక్ష్యాలలో ఈ రాయి ఒకటి. ఒక కుక్కను మరచిపోకూడదని నిలిపిన రాయి ఒక యువరాజు చావునూ మనకు భద్రంగా అందించింది.

ఇది ఒంటరి ఉదాహరణ కాదు. తమిళనాట తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులో పల్లవ మహేంద్రవర్మ కాలపు వీరగల్లు ఉన్నది. పశువులను కాపాడుతూ మరణించిన వీరుని ప్రక్కనే అతని కుక్కను కూడా చెక్కి, దాని పేరు కోవివన్ అని వ్రాశారు. విళుప్పురం జిల్లా అరసలాపురంలో పందెపు కోడికి కూడా రాయి ఉన్నది. సంక్రాంతి కోళ్ళను ఎరిగిన మనకు అది వింతగా ఉండదు.

తరువాతి కాలంలో మొగలాయీలకు వస్తే, జహంగీరు చక్రవర్తికి మన్‌సరాజ్ అనే పెంపుడు జింక ఉండేది. అది చనిపోతే, నేడు పాకిస్తాన్‌లో ఉన్న షేఖుపురా దగ్గర దాని సమాధిపై జింక ఆకారంలో రాయి పెట్టించి, స్తంభం కట్టించి, ఆ ప్రాంతంలో జింకలను ఎవరూ వేటాడరాదని శాసించాడు. అదే హిరణ్ మినార్. తాను వేటలో చంపిన జింకలకు అంతులేదు. మచ్చికైన ఒక్క జింక పోయేసరికి మాత్రం దాని జాతి మొత్తానికీ అక్కడ అభయం దొరికింది.

మనవాళ్ళు రాతిని నమ్ముకుంటే ఐరోపావారు రంగులను నమ్ముకున్నారు. ఇటలీలో మాంతువా ప్రభువు లుదోవీకో గొంజాగా కుక్క రుబీనో 1467లో చనిపోతే ఆయన దానికి సమాధిఫలకం పెట్టించాడు. 1474లో మంతేన్యా పూర్తిచేసిన రాజభవన కుడ్యచిత్రంలో ప్రభువు కుర్చీ క్రింద పడుకొని ఉన్న కుక్క అదేనని పలువురి అభిప్రాయం.

పేరు మోసిన ఉదాహరణలు మాత్రం విక్టోరియా రాణివే. ఆమెకు పదిహేడేళ్ళు నిండినప్పుడు, 1836లో, తల్లి కానుకగా ఇచ్చినది ఆమె కుక్క డాష్ చిత్రం. ఎడ్విన్ లాండ్సీర్ అనే చిత్రకారునిచేత వేయించారు. 1838 జూన్ 28న పట్టాభిషేకం ముగించుకొని ఇంటికి వచ్చిన రాణి చేసిన పని డాష్‌కు స్నానం చేయించడమని చెబుతారు. ఆమె భర్త ఆల్బర్ట్ జర్మనీనుంచి తన వెంట ఈయోస్ అనే నల్లని వేటకుక్కను తెచ్చుకున్నాడు. 1841 క్రిస్మస్‌కు రాణి ఆయనకు దాని చిత్రాన్ని, అదే లాండ్సీర్‌చేత వేయించి, బహూకరించింది. ఆ చిత్రంలో ఆల్బర్ట్ లేడు. ఆయన టోపీ, చేతితొడుగులు పీటమీద ఉన్నాయి. కుక్క నిలబడి తల ఎత్తి యజమాని వైపు చూస్తున్నట్లు ఉంటుంది. 1844లో ఈయోస్ పోయింది. ఆల్బర్ట్ 1861లో పోయాడు. ఆ పటంలో మాత్రం టోపీ ఇంకా పీట మీదనే ఉన్నది.

ఇప్పుడు మా పటం సంగతి. దానిని వేసినవాడు నా పూర్వ విద్యార్థి. ఒకప్పుడు మా ఊరి దుకాణాల బోర్డులూ సినిమా కటౌట్లూ అతని చేతిలోనివే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. ఇప్పుడు బడి గోడల మీద బొమ్మలు వేస్తున్నాడు. నా దగ్గర మల్లి ఫోటో ఒక్కటే ఉన్నది. సెలవులకు వచ్చినప్పుడు మా అబ్బాయి తీసినది. అందులో మా ఆవిడ పెరట్లో వంగి సత్తుగిన్నెలో మజ్జిగన్నం పెడుతోంది. మల్లి ఒక మూలగా సగమే పడింది. ఆ మరుసటి యేడు మా ఆవిడ పోయింది. కుక్కను తెచ్చినదీ, రొమ్ము మీది తెల్లమచ్చ చూసి పేరు పెట్టినదీ ఆమే. ఆమె పోయిన తరువాత మల్లి సంవత్సరంపాటు గేటు దగ్గర పడుకొని, తరువాత తానూ వెళ్ళిపోయింది.

ఫోటో చూసి చిత్రకారుడు, “మాస్టారూ, ఇందులో సగమే ఉంది గదా, మిగతాది ఇంటర్నెట్లో మంచి కుక్కను చూసి వేసేస్తాను” అన్నాడు. సరేనన్నాను. పది రోజులకు తెచ్చాడు. బహు అందమైన కుక్క. రెండు చెవులూ నిక్కబొడుచుకొని ఉన్నాయి. నాకు నోట మాట రాలేదు. “ఇది కుక్కే నాయనా, మల్లి కాదు. దాని ఎడమచెవి విరిగి క్రిందికి వాలి ఉండేది” అన్నాను. అతడు నొచ్చుకోలేదు. అక్కడే అరుగు మీద కూర్చొని, నేను చెబుతుండగా చెవి వాల్చాడు, మూతి దగ్గర నెరిసిన వెంట్రుకలు వేశాడు. “పక్కన ఏమైనా వెయ్యమంటారా మాస్టారూ? ఖాళీగా ఉంది” అని అడిగాడు. సత్తుగిన్నె వెయ్యమన్నాను.

మణలేరుడు కూడా ఇంతే చేశాడని నా నమ్మకం. “ఒక కుక్క” అని వ్రాయించలేదు, “కాళి” అని వ్రాయించాడు. చిత్రం వేయించడంలోని పరమార్థం ఇదేనేమో. ఏదో ఒక కుక్క కాదు, ఇదిగో ఇది, అని చెప్పడం.

బావగారి ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర సమాధానం ఉంది. మా నాయనగారి పేరు ఏటా తద్దినంనాడు గోత్రంతో సహా పలుకుతాను. నా తరువాత మా అబ్బాయి పలుకుతాడు. ఆయనకు పటం లేకపోయినా పలికే నోరు ఉన్నది. మల్లికి గోత్రం లేదు, దాని పేరు పలకడానికి మంత్రం లేదు. అటువంటి ప్రాణికి రాయో పటమో కావాలి. మణలేరుడు రాతికి పూజ, పూజకు మడి, మడికి శాపం ఏర్పాటు చేసినది కూడా ఆ పేరు నలుగురి నోటా నిలవాలనే అయి ఉంటుంది. నాకు మడి లేదు, శాపం పెట్టే శక్తీ లేదు. కనుక ఇక్కడ నాలుగు మాటలు వ్రాసి పెడుతున్నాను.

మీ ఊళ్ళలో గుడి ముందో చెరువు గట్టునో పాత వీరగల్లు ఉంటే, ఈసారి వీరుని కాళ్ళ దగ్గర కూడా చూడండి. కుక్కో కోడో కనిపిస్తే, పేరు గనుక వ్రాసి ఉంటే, దయచేసి నాకు తెలియజేయగలరు.