మొండి మొక్కలు నిలబెట్టిన చిన్న నర్సరీ



రాజమహేంద్రవరం దాటి కడియం వైపు వెళ్ళే వారికి వేమగిరి, కడియపులంక, బుర్రిలంక గ్రామాలలో బాట పొడుగునా నర్సరీలే కనిపిస్తాయి. పెద్ద నర్సరీలు కొన్ని వున్నాయి. కాని అర ఎకరంలోనో, అంతకన్న తక్కువలోనో ఇంటిల్లిపాదీ కష్టపడి నడుపుకునేవే ఎక్కువ. నర్సరీ చరిత్ర చెప్పమంటే ఎవరైనా గులాబీలతోనో, మామిడి అంట్లతోనో మొదలుపెడతారు. ఈనాడు మనం వాటి సంగతి కాక, ఒకసారి పెడితే యేళ్ళ తరబడి వుండే మొండి మొక్కల సంగతి చెప్పుకుందాం. నిమ్మగడ్డి, వట్టివేరు, మరువం, వాము ఆకు, పుదీనా, కనకాంబరం, బిళ్ళ గన్నేరు — ఇలాంటివన్నమాట. కొనేవాడు వీటికి పెద్ద ధర పెట్టడు. అయినా చిన్న కుటుంబానికి నిలకడ యిచ్చేవి ఇవే.

మొక్కలను ఒక చోటి నుంచి తెచ్చి, మడిలో బతికించి, ఇంకొక చోటికి పంపే పని గోదావరి సీమకు కొత్త కాదు. విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు 1781లో సామర్లకోటకు వచ్చాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో వుంటూ అక్కడ ఒక తోట వేశాడు. ఆ కొండల అడవి మిరియపు తీగలు తెప్పించి పెంచాడు. కాఫీ, దాల్చిన చెక్క మొదలైనవి కూడా అక్కడ పరీక్షించాడు. ప్రతి దినమూ వాతావరణం లెక్కలు రాసి పెట్టుకునేవాడు. ఈ దేశపు చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గురించి ఆయన రాసిన గ్రంథం 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటాలుగా, మూడు వందల బొమ్మలతో వెలువడింది. ఆయన 1793లో కలకత్తా వనానికి అధిపతిగా వెళ్ళిపోయాడు. మన నర్సరీలు ఆ తోట నుంచి పుట్టాయని చెప్పడానికి లేదు. కాని ఆయన చేసిన పని నేటి నర్సరీవాడూ చేయవలసిందే: తెచ్చిన మొక్కను ముందు ఒక మడిలో పెట్టి, దాని గుణం కనిపెట్టి, ఆ తరువాతనే పెంచడం.

తరువాత వచ్చింది నీరు. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తి చేయించాడు. అంతకు ముందు వానదేవుడి దయ మీద బతికిన పల్లెలకు కాలువ వచ్చింది. ఒండ్రు నేల, చేతికందే నీరు, తేమగాలి — కొమ్మ వేరు పోసుకోవడానికి ఇంతకన్న ఏం కావాలి? 1900లో గోదావరి మీద హేవలాక్ వంతెన పడి రైలు దక్షిణాదికి నేరుగా నడిచింది. 1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చి లారీకీ దారి దొరికింది. నీరు మొక్కను పెంచితే, దారి దానికి బజారు చూపించింది. కడియపులంకలో పల్ల వెంకన్న గారు స్థాపించిన శ్రీ సత్యనారాయణ నర్సరీ వంటివి ఈ ప్రాంతం పేరును రాష్ట్రం ఎల్లలు దాటించాయి.

ఇక చిన్న కుటుంబం లెక్క చూద్దాం. సీజను పూలమొక్కకు ఏటా విత్తనం కొనాలి. దవనం సువాసన మొక్కే, కాని ఏడాదితో దాని ఆయువు సరి. మళ్ళీ విత్తనం చల్లుకోవలసిందే. నిమ్మగడ్డికి ఆ బాధ లేదు. దుబ్బు తవ్వి పిలకలు విడదీస్తే అవే నారు. ఉదాహరణకు, ఇరవై తల్లి మొక్కల కనకాంబరం మడి వున్నదనుకోండి. ఒక్కొక్క దాని నుంచి ఇరవై కొమ్మ ముక్కలు తీస్తే నాలుగు వందలు. అందులో నూరు పోయినా మూడు వందల మొక్కలు చేతికి వస్తాయి. తల్లులు మాత్రం మడిలోనే వుంటాయి, వచ్చే ఏడు మళ్ళీ ఇస్తాయి. ఢిల్లీ కనకాంబరం అనే నారింజ రంగు రకానికైతే కొమ్మే శరణ్యం, దాన్ని విత్తనంతో పెంచడానికి వీలు లేదు. తల్లి మడి పోతే ఆ రకమే మన చేయి జారిపోతుంది.

రెండో లాభం, అమ్ముడుపోకపోయినా నష్టం తక్కువ. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు సంగతి మీకు తెలుసు. కొనేవాడు రాలేదు, లారీ కదలలేదు. సీజను పూలమొక్క అలాంటప్పుడు సంచిలోనే ముదిరి పనికిరాకుండా పోతుంది. వట్టివేరు దుబ్బు అయితే ఇంకా బలుస్తుంది, ఆరు నెలలు ఆగి విడదీస్తే పిలకలు పెరుగుతాయే గాని తరగవు. అందుకే పెద్దలు మొండి మొక్కను ఇంట్లో వున్న ధాన్యంతో పోలుస్తారు. వెంటనే సొమ్ము కాకపోయినా కష్టకాలంలో ఆదుకుంటుంది.

ఈ మొక్కల విలువ లోకానికి ఒక్కసారిగా తెలియలేదు. బిళ్ళ గన్నేరు పుట్టినిల్లు మడగాస్కర్ దీవి. మన పెరళ్ళలో నిత్యకల్యాణి అని పేరు పెట్టుకొని, ఎవరూ పట్టించుకోకుండానే పూస్తూ వచ్చింది. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు మధుమేహానికి మందు దొరుకుతుందేమోనని దీని ఆకును పరీక్షించారు. చక్కెర తగ్గలేదు గాని, తెల్ల రక్తకణాలు తగ్గడం చూశారు. అలా విన్‌బ్లాస్టిన్ అనే కేన్సరు మందు బయటపడి 1958లో ప్రకటన అయింది. ఇది శుద్ధి చేసి వైద్యుడు ఇచ్చే మందు. ఆకు నమిలితే విషమే సుమా! కొనడానికి వచ్చిన వారికి ఈ మాట చెప్పడం నర్సరీవాడి ధర్మం. మన దేశంలోనూ 1951లో కేరళలోని ఓడక్కాలిలో నిమ్మగడ్డి పరిశోధన కేంద్రం, 1959లో ఔషధ మొక్కల కేంద్ర సంస్థ ఏర్పడ్డాయి. పెరటి మొక్క అప్పటి నుంచి పైరు హోదా పొందింది.

పెంచే పద్ధతి కష్టమైనది కాదు. తొలకరి పడ్డాక జూన్, జూలైలలో కొమ్మలు కోయండి. మరీ లేతది కాని, మరీ ముదురు కాని కొమ్మ చూసి, మూడు నాలుగు కణుపులుండేలా, జానెడుకు మించకుండా కోయాలి. అడుగు కోత కణుపు కింద ఏటవాలుగా వుండాలి. కింది ఆకులు తీసేయాలి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి సంచులు నింపండి. సంచి అడుగున చిల్లులు తప్పనిసరి. నీడలో మూడు నాలుగు వారాలుంచి, వేరు పట్టినవాటిని రోజుకు కొంతసేపు చొప్పున ఎండకు అలవాటు చేయండి. ఒక్కసారిగా ఎండలో పెడితే మొండి మొక్క కూడా వాడిపోతుంది. మరువం పుట్టుక మధ్యధరా సముద్రపు తీరాన. దానికి ఎండ కావాలి గాని వేరు దగ్గర నీరు నిలవకూడదు. కాబట్టి మన డెల్టాలో దానికి అడుగు ఎత్తున మడి కట్టవలెను.

ఇప్పుడు చేదు మాట ఒకటి. ఈ మధ్య కొందరు తల్లి మడి దున్నేసి, దూర ప్రాంతాల నుంచి తయారు మొక్క లారీలో తెప్పించి, నాలుగు రోజులుంచి అమ్ముతున్నారు. శ్రమ తక్కువే. కాని మొక్కతో పాటు పురుగూ వస్తుంది. సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో మొదట 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతపు కొబ్బరిలో కనిపించింది. కొద్ది కాలంలోనే గోదావరి జిల్లాల కొబ్బరి ఆకును మసి చేసింది. ఇలాంటి పురుగులు నారు మొక్కల మీద కూర్చునే దూరాలు వెళతాయి. నర్సరీవాడి ఏమరుపాటుకు పక్కవూరి కొబ్బరి రైతు జరిమానా కట్టవలసి రావడం న్యాయమా?

మొండితనం కూడా హద్దులో వుంటేనే మంచిది. మన కాలువలను పూడ్చేస్తున్న గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. అందమైన పువ్వు కోసం పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్‌కు తెచ్చారు. ఆ అందానికి కట్టిన వెల ఈనాడు కాలువ చివరి భూమి రైతుకు తెలుసు. లంటానా కథా అంతే, తోటకు తెచ్చినది అడవిని ఆక్రమించింది. కాబట్టి ఎక్కడైనా బతుకుతుందన్న కొత్త మొక్క కనబడితే సంతోషించే ముందు, దాన్ని అదుపులో పెట్టగలమా అని కూడా అడగాలి.

చిన్న నర్సరీ పెట్టుకున్న వారు మూడు పనులు చేయండి. ఎంత తక్కువ స్థలమున్నా అందులో కొంత తల్లి మడికి వదలండి, అమ్మకం ఎంత బాగున్నా ఆ మడి మొక్కను అమ్మవద్దు. బయటి నుంచి వచ్చిన మొక్కను మూడు వారాలు వేరుగా వుంచి, ఆకు అడుగు భాగం చూసిన తరువాతనే లోపలికి తేవాలి. తల్లి మడిలో ఏ రకం, ఎక్కడి నుంచి, ఏ ఏట వచ్చిందో ఒక పుస్తకంలో రాయండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వారి చేత రాయించండి. తోట పని చేయలేని రోజున పెద్దవారి తెలివి పిల్లలకు అందేది ఆ పుస్తకం వల్లనే. ఈ తొలకరికే ఒక చిన్న మడి కట్టి మొదలుపెట్టండి.