తపసి బంక: నీటిని పట్టి ఉంచే జిగురు చరిత్ర

మెట్‌పల్లికి ఉత్తరాన గోదావరి దాటితే ఖానాపూర్, కడెం, ఉట్నూరు వైపు అడవి మొదలవుతుంది. అక్కడి రాతి గుట్టల మీద, మట్టి అంతగా నిలవని చోట కూడా పెరిగే చెట్టు తపసి. దాని తెల్లటి నున్నని బెరడు కాగితంలా పొరలు పొరలుగా ఊడుతుంది. ఎండాకాలంలో ఆకు రాల్చాక దూరం నుంచే కంటపడుతుంది. కాయల నిండా దురద పుట్టించే నూగు ఉంటుంది, లోపలి గింజలను వేయించుకుని తింటారు. విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. బెరడుకు గాటు పడితే కారే జిగురు తపసి బంక. ఎగుమతి వ్యాపారంలో దాని పేరు గమ్ కరాయా.

తుమ్మ బంకను నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. తపసి బంక కరగదు, ఉబ్బుతుంది. చెంచాడు పొడి రాత్రి గ్లాసు నీళ్లలో వేసి ఉంచితే తెల్లారేసరికి గడ్డపెరుగులా పేరుకుంటుంది. తన పరిమాణానికి అరవై రెట్లకు పైగా ఉబ్బగల గుణం దానిది. గెలాక్టోజ్, రామ్నోజ్ వంటి చక్కెరలూ గెలాక్టురోనిక్ ఆమ్లమూ గొలుసుకట్టుగా అల్లుకున్న పాలిమర్ ఇది. ఆ గొలుసులకు నీరంటే ఇష్టం, కానీ వాటికి అంటుకుని ఉన్న ఎసిటైల్ గుంపులు పూర్తిగా కరగనివ్వవు. చెమ్మ తగిలే గోదాములో ఎక్కువకాలం నిల్వ ఉంటే ఆ గుంపులు విడిపోయి ఎసిటిక్ ఆమ్లంగా మారతాయి. అప్పుడు బంక వెనిగర్ వాసన వేస్తుంది, ఉబ్బే శక్తీ తగ్గుతుంది.

నీటిని పట్టడం అలా ఉంచితే, చెట్ల సరుకుతో నీటిని బాగుచేయడం కూడా ఈ దేశంలో చాలా పాతది. సుశ్రుత సంహిత మురికి నీటిని తేర్చే ఏడు సాధనాలను చెబుతూ అందులో కతకాన్ని చేర్చింది. అది మన చిల్లగింజే. గింజను కుండ లోపలి గరుకు గోడకు రుద్ది బురద నీళ్లు పోస్తే కాసేపటికి మడ్డి అడుగుకు దిగుతుంది. గింజలోని ప్రొటీన్లు, చక్కెర గొలుసులు సన్నని మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించి బరువెక్కిస్తాయి. నేటి నీటిశుద్ధి కేంద్రాల్లో పటిక, కృత్రిమ పాలిమర్లు చేసే పని కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఈ విద్య పుస్తకాల కంటే ఇళ్లలోనే ఎక్కువ కాలం బతికిందని గుర్తుంచుకోవాలి.

తపసి బంకకు ప్రపంచ మార్కెట్ దారి మాత్రం కల్తీ సరుకుగా తెరుచుకుంది. ఇరాన్, టర్కీల నుంచి వచ్చే ఖరీదైన ట్రాగకాంత్ బంకలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో దీన్ని కలిపి అమ్మేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో దాని గుణాలు తెలిసొచ్చాక సొంత పేరుతోనే అడగడం మొదలైంది. పేగుల్లో అరగకుండా నీటిని పట్టి ఉంచుతుంది కనుక మలబద్ధకానికి మందైంది. తడి తగిలితే అంటుకుంటుంది కనుక కట్టుడు పళ్లను నిలిపే పొడైంది. అన్నిటికంటే మేలు చేసిన వాడకం 1950లలో అమెరికాలోని క్లీవ్‌లండ్ క్లినిక్‌లో వచ్చింది. పేగును పొట్ట మీద తెరిచి ఉంచాల్సిన రోగుల చర్మం కారే ద్రవాలకు ఒరిసి పుండయ్యేది. శస్త్రవైద్యుడు రూపర్ట్ టర్న్‌బుల్ ఆ తెరుపు చుట్టూ కరాయాను వాడి చర్మాన్ని కాపాడాడు. తడిని పీల్చుకుంటూనే చర్మానికి అంటుకుని ఉండే ఆ జిగురు ఎందరికో మామూలు బతుకును తిరిగి ఇచ్చింది. యూరప్‌లో ఆహారంలో కలిపే పదార్థాల జాబితాలోనూ ఇది ఉంది, దాని సంఖ్య ఇ416. ఇలా నీటిని పట్టే పాలిమర్లను ప్రయోగశాలలో తయారుచేసి వైద్యానికి వాడటంలో పెద్ద మలుపు 1960లో వచ్చింది. చెక్ రసాయన శాస్త్రవేత్తలు ఒట్టో విఖ్తెర్లె, ద్రహొస్లావ్ లీమ్ అలాంటి పాలిమర్ అయిన హైడ్రోజెల్ మీద వ్యాసం ప్రచురించారు, మెత్తని కాంటాక్ట్ లెన్సులు దాని నుంచే పుట్టాయి.

అడవిలో ఈ పని గోండులు, కొలాములది. బెరడుకు గొడ్డలితో గాటు పెడితే జిగురు బయటికి వచ్చి, రోజుల తరబడి ఊరుతూ గడ్డకడుతుంది. వానలకు ముందు ఎండల్లో తీసిన బంక తెల్లగా, శుభ్రంగా ఉంటుంది, ధర పలికేది అదే. బెరడు ముక్కలు, మట్టి ఏరేసి రంగును బట్టి వేరుచేయడం ఆడవాళ్లకూ పిల్లలకూ పడే చాకిరీ. నిజాం కాలంలో అడవులను రిజర్వు చేయడంతో గోండులు పోడుకూ, అటవీ ఫలసాయానికీ దూరమయ్యారు. 1940లో జోడేఘాట్ దగ్గర గోండు నాయకుడు కొమురం భీం పోరు ఆ గోసలోంచి పుట్టిందే. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, జనం నోట జీసీసీ, తర్వాత తెలంగాణ ఏజెన్సీకీ విస్తరించింది. 1979లో వచ్చిన చట్టంతో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న తరహా అటవీ ఉత్పత్తులు కొనే హక్కు దానికి దక్కింది. షావుకారు తూకంలో మోసపోయే బాధ కొంత తగ్గింది.

చెట్టుకు మాత్రం మేలు జరగలేదు. బంక తూకానికి అమ్ముడవుతుంది. ఇంట్లో తిండిగింజలు లేనివాడు పెద్ద గాటు పెట్టి ఎక్కువ జిగురు రాబట్టాలనే చూస్తాడు. లోతుగా తెగిన చోట గాయం మానక, పురుగు పట్టి, చెట్టు ఎండిపోతుంది. ఇందులో తప్పు గొడ్డలి పట్టినవాడి మీద వేయడం అన్యాయం. విశాఖపట్నం కోవెల్ ఫౌండేషన్ సేకరణదారులకు చిన్న కత్తితో పైపైన చిన్న గాటు పెట్టే పద్ధతి నేర్పింది. అలా తీస్తే గాయం మానుతుంది, చెట్టు ఏళ్ల తరబడి బంక ఇస్తుంది.

తపసి పక్కనే పెరిగే కొండగోగు ఈ చరిత్రలో ఆలస్యంగా వచ్చింది. ఆకు లేని కొమ్మల మీద పసుపుపచ్చగా పూసే ఈ చెట్టు బంకను చాలాకాలం తపసి బంక తోడి సరుకుగానే చూశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జీవరసాయన విభాగం దాన్ని విడిగా తీసుకుని 1998 నుంచి గుణాలను, ఎలుకల మీద భద్రతను పరీక్షించింది. తర్వాత హైదరాబాద్ పరిశోధకులు దాని మరో శక్తిని కనిపెట్టారు. ఈ బంక గొలుసుల మీది కార్బాక్సిల్ గుంపులు నీటిలో కలిసిన క్రోమియం, నికెల్ వంటి లోహాలను పట్టుకుంటాయి. ఇనుప ఆక్సైడ్ నానోకణాలకు ఆ బంక పూత పూస్తే, లోహాన్ని పట్టిన కణాలను అయస్కాంతంతోనే నీటిలోంచి లాగేయవచ్చు. ఇది ప్రయోగశాల దశలోనిదే. ఊళ్లకు నీళ్లిచ్చే కేంద్రాల్లో ఇప్పటికీ పటిక, కృత్రిమ పాలిమర్లే వాడకంలో ఉన్నాయి.

2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం అడవిలో బతికే గిరిజనులదీ, ఇతర సంప్రదాయ అటవీ నివాసులదీ అని చెప్పింది. 2013–14లో కేంద్రం అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర మొదలుపెట్టినప్పుడు తొలి జాబితాలోనే తపసి బంక ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఉట్నూరు వైపు కొనుగోళ్లు తెలంగాణ గిరిజన సహకార సంస్థ కిందికి వచ్చాయి.